రైలు ఎక్కడుందో తెలియాలి: పెద్ద మోడల్ రైల్వేల ఆటోమేషన్ వెనుక లెక్కలు

మోడల్ రైల్వే అనగానే బల్ల మీద గుండ్రంగా తిరిగే బొమ్మ రైలే చాలామందికి గుర్తొస్తుంది. అక్కడ ఉండేది ఒకటే రైలు, ఒకటే పట్టా. నాబ్ తిప్పితే కదులుతుంది, వెనక్కి తిప్పితే ఆగుతుంది. గదంతా పరుచుకున్న లేఅవుట్‌లో ఇరవై ముప్ఫై రైళ్లు మనిషి చేయి పడకుండా, ఒకదాన్నొకటి గుద్దుకోకుండా రోజంతా తిరగాలంటే మాత్రం సంగతి పూర్తిగా వేరు. ఆటోమేషన్ అంటే కంప్యూటరు రైళ్లను నడపడమేనని అనుకుంటారు గానీ, నడపడం అందులో చాలా చిన్న భాగం. ‘ముందుకు వెళ్లు’ అన్న ఆజ్ఞ పంపడానికి సెకనులో వందో వంతు చాలు. ఆ ఆజ్ఞ అమలైందా, రైలు ఇప్పుడు ఎక్కడుంది, పాయింటు (రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే చోటు) నిజంగా మారిందా అన్నవి తెలుసుకోవడానికే మిగతా తీగలు, సెన్సర్లు, సాఫ్ట్‌వేరు అన్నీ. లేఅవుట్ పెరిగేకొద్దీ డబ్బూ శ్రమా ఈ రెండో పనిలోకే పోతాయి. పోవాలి కూడా.

జర్మనీలోని హాంబర్గ్ నగరంలో, పాత గిడ్డంగుల వాడలో ఉన్న మినియాటూర్ వుండర్‌లాండ్ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. ఫ్రెడెరిక్, గెరిట్ బ్రౌన్ అనే కవల సోదరులు మొదలుపెట్టిన ఈ ప్రదర్శన 2001 ఆగస్టులో జనానికి తలుపులు తెరిచింది. 1:87 నిష్పత్తిలో వెయ్యికి పైగా రైళ్లు, దాదాపు 16 కిలోమీటర్ల పట్టా అక్కడ ఉన్నాయి. రైళ్లను నడిపేది కంప్యూటర్లే. అయినా ఒక కంట్రోల్ రూము, అందులో తెరల ముందు కూర్చున్న మనుషులు తప్పనిసరి. పట్టా తప్పిన పెట్టెనూ కదలని ఇంజన్‌నూ కెమెరాలో చూసి, ఎవరో ఒకరు వెళ్లి సరిచేయాలి. అంత అనుభవం, అంత వనరులు ఉన్నచోట కూడా మనిషి ఎందుకు కావాలో ఒక చిన్న లెక్క చెబుతుంది.

ఒక పాయింటు వెయ్యిసార్లలో ఒక్కసారి మాత్రమే ఇబ్బంది పెడుతుందనుకుందాం. ఇంట్లో చిన్న లేఅవుట్ కట్టుకున్నవారు దాన్ని ‘అసలు సమస్యే లేని పాయింటు’ అంటారు. పెద్ద లేఅవుట్‌లో ఒక రైలు ఒక చుట్టు పూర్తిచేయడానికి అలాంటి పాయింట్లు 60 దాటాలనుకుంటే, అన్నిటినీ సజావుగా దాటే అవకాశం 0.999ని అరవైసార్లు గుణించగా వచ్చే 94 శాతం. అంటే దాదాపు 17 చుట్లకు ఒకసారి ఆ రైలు ఎక్కడో ఆగిపోతుంది. రైళ్లు 20 ఉంటే, అవన్నీ తలా ఒక చుట్టు తిరిగేసరికి సగటున ఒక ఘటన కచ్చితంగా లెక్కకొస్తుంది. వెయ్యిలో ఒకటిని లక్షలో ఒకటికి తగ్గిస్తే తప్ప, ఒక ఘటనకూ మరో ఘటనకూ మధ్య ఎనభై చుట్ల విరామం దొరకదు. కాబట్టి ఆటోమేషన్ పని కంప్యూటరు దగ్గర మొదలవదు. వడ్రంగి పని దగ్గర, సోల్డరింగ్ దగ్గర మొదలవుతుంది.

చెక్క, వంపు, ఎత్తు

ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు. నిష్పత్తి 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. చోటు తక్కువైతే 1:160 నిష్పత్తిలో, 9 మిల్లీమీటర్ల గేజితో ఎన్ స్కేలు ఉంది. చిన్న స్కేలు తీసుకుంటే అదే గదిలో ఎక్కువ రైల్వే పడుతుందన్న మాట నిజమే. కానీ ఇంజన్ బరువు తగ్గేకొద్దీ చక్రం పట్టాను అదుముకునే బలమూ తగ్గుతుంది, దుమ్ముకూ తుప్పుకూ కరెంటు తెగిపోవడం ఎక్కువవుతుంది. పూర్తి ఆటోమేషన్ లక్ష్యమైతే హెచ్‌ఓయే క్షేమం.

వంపుల విషయంలో ఒక పాత నియమం ఇప్పటికీ నిలబడుతుంది. అన్నిటికంటే పొడవైన పెట్టెకు కనీసం మూడు రెట్ల వ్యాసార్ధం ఉండాలి. అసలు పెట్టె 26 మీటర్లుంటే హెచ్‌ఓలో అది 30 సెంటీమీటర్లు, అంటే వంపుకు 90 సెంటీమీటర్ల వ్యాసార్ధం. ఇంతకంటే బిగువైన వంపుల్లోనూ రైలు తిరుగుతుంది గానీ, పొడవైన రైలును వెనక్కి నెట్టినప్పుడు మధ్యలోని తేలికపాటి పెట్టె బయటకు ఒరుగుతుంది. ముందుకు లాగినప్పుడు లోపలికి ఒరుగుతుంది. చేత్తో నడిపేవారు అక్కడ వేగం తగ్గించి దాటించేస్తారు. కంప్యూటరు కళ్లకు అది కనపడదు.

రెండు అంతస్తులున్న లేఅవుట్‌లో రైలును పైకెక్కించేది హెలిక్స్, అంటే చుట్లు చుట్లుగా పైకి లేచే పట్టా. ఒక చుట్టుకూ పైచుట్టుకూ మధ్య రైలు ఎత్తు, చెక్క మందం కలిపి 9 సెంటీమీటర్లు కావాలనుకుందాం. వ్యాసార్ధం 60 సెంటీమీటర్లైతే ఒక చుట్టు పొడవు 3.77 మీటర్లు, ఎక్కుడు 2.4 శాతం. 90 సెంటీమీటర్లైతే 5.65 మీటర్లు, 1.6 శాతం. ఈ చిన్న తేడాయే ఒక ఇంజన్ ఎన్ని పెట్టెలు లాగగలదో తేలుస్తుంది, ఎందుకంటే వంపు కూడా తనవంతు భారం కలుపుతుంది. చాలామంది మరిచిపోయే ఇంకో సంగతి ఉంది. 90 సెంటీమీటర్ల హెలిక్స్‌లో నాలుగు చుట్లంటే 22 మీటర్లకు పైనే. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో, అంటే అసలు రైలు గంటకు 94 కిలోమీటర్లు వెళ్తున్నట్టుగా నడిపినా, ఎక్కడానికి నిమిషం పైన పడుతుంది. ఆ హెలిక్స్ మొత్తాన్నీ ఒకే బ్లాకుగా, అంటే ఒకసారికి ఒక్క రైలునే రానిచ్చే ముక్కగా వదిలేస్తే అంతసేపూ ఇంకో రైలుకు దారి లేదు. ఎన్ని ఇంజన్లు కొన్నా, ఎంత గొప్ప సాఫ్ట్‌వేరు పెట్టినా, లేఅవుట్ మొత్తం జోరు ఆ ఒక్క గొంతుక దగ్గర ఆగిపోతుంది. చెక్క కోసేటప్పుడే బ్లాకులు ఎక్కడ విడదీయాలో గీసుకోవడం అందుకే.

బల్ల అంచునుంచి చేయి అందే దూరం సుమారు 75 సెంటీమీటర్లు. దానికి మించిన లోతులో పాయింటు పెట్టకూడదు. దృశ్యం కింద దాగిన యార్డు, రైళ్లు తమ వంతు వచ్చేదాకా ఎదురుచూసే చోటు, మరీ ముఖ్యం. పైన కొండలు, ఊళ్లు కట్టాక కిందికి చేయి పట్టనంత ఇరుకుగా ఉంచితే, ఏ రోజైనా అక్కడే పెట్టె పడిపోతుంది. పట్టా మీదుగా కనీసం 20 సెంటీమీటర్లు ఖాళీ ఉంచితే చేయి దూరుతుంది, పడిన పెట్టె బయటకు వస్తుంది.

వేడికి రైలు పట్టా సాగుతుంది. పట్టాలకు వాడే నికెల్ సిల్వర్ 10 మీటర్ల పొడవులో, 20 డిగ్రీల తేడాకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాలిలో తేమకు చెక్క ఉబ్బడం దీనికి తోడు. అతుకులన్నీ సోల్డర్ చేసి ఒకే పట్టాగా మార్చడం చూడటానికి నునుపుగా ఉన్నా, వేసవిలో మధ్యలో ఎక్కడో పట్టా పక్కకు వంగుతుంది. వంపుల్లో సోల్డర్ చేసి, తిన్నని పట్టాలో అక్కడక్కడ సన్నని సందు వదలడం అనుభవజ్ఞుల పద్ధతి.

తీగలు

తీగల మందం గురించి మాట్లాడితే విసుగ్గా ఉంటుంది. కానీ పెద్ద లేఅవుట్లు తగలబడే ప్రమాదం ఉన్నది ఇక్కడే. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు దాదాపు 0.035 ఓమ్ నిరోధం చూపిస్తుంది. పట్టాలకు కరెంటు అందించే బూస్టరు నుంచి 20 మీటర్ల దూరానికి వెళ్లి రావడానికి 40 మీటర్లు, అంటే సుమారు 1.4 ఓమ్‌లు. 5 ఆంపియర్లు ప్రవహిస్తే 7 వోల్టులు తీగలోనే పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 1.4 వోల్టులు మాత్రమే.

వోల్టేజి పడిపోతే రైలు నెమ్మదిస్తుంది, అంతేకదా అనుకోవచ్చు. అసలు ప్రమాదం షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు తెలుస్తుంది. సన్న తీగలు, మధ్యలో అతుకులు, రాగి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నిరోధమున్న పట్టాలు కలిసి షార్ట్ కరెంటును 5 ఆంపియర్ల లోపే పట్టి ఉంచితే, 5 ఆంపియర్లు దాటితేనే తెగే బ్రేకరు తెగదు. దానికి అది మామూలు రద్దీలాగే కనిపిస్తుంది. ఆ శక్తిలో కొంత, పదుల వాట్లలో, ఒక చక్రానికీ పట్టాకూ మధ్యనున్న చిన్న చుక్కలో వేడిగా మారి ప్లాస్టిక్ బోగీని కరిగిస్తుంది. దీన్ని కనిపెట్టడానికి తేలికైన పరీక్ష ఉంది. ఒక నాణేన్ని లేఅవుట్‌లోని ప్రతి మూలలోనూ రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టి చూడాలి. ప్రతిసారీ బ్రేకరు వెంటనే తెగాలి. ఒక్కచోట తెగకపోయినా అక్కడికి తీగ చాలలేదన్నమాటే. మొత్తం లేఅవుట్‌ను ఒకే బూస్టరు మీద పెట్టకుండా విభాగాలుగా విడదీసి, ఒక్కోదానికి విడి బ్రేకరు ఇస్తే ఒకచోటి షార్ట్ మిగతా ఇరవై రైళ్లను ఆపదు.

ఒకే పట్టాలో కరెంటు, మాట రెండూ

పాతకాలపు పద్ధతిలో పట్టాకు ఎంత వోల్టేజి ఇస్తే దాని మీదున్న ఇంజన్లన్నీ అంత వేగంతో కదిలేవి. రెండు రైళ్లు వేర్వేరుగా నడవాలంటే పట్టాను ముక్కలు చేసి, స్విచ్చులతో ఒక్కో ముక్కను ఒక్కో కంట్రోలరుకు కలపాల్సి వచ్చేది. అమెరికాలోని ఎంఐటీలో 1946లో ఏర్పడిన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ విద్యార్థులు ఇందుకోసం టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులతో, బల్ల కింద పెద్ద యంత్రాంగమే కట్టారు. ఆ క్లబ్బులో సిగ్నళ్లు, కరెంటు చూసుకునే బృందం నుంచి వచ్చినవారే తర్వాత ఎంఐటీలోని తొలితరం కంప్యూటర్ల చుట్టూ చేరి ప్రోగ్రాములు రాశారు. రిలేలతో రైళ్లకు దారి కట్టడానికీ ప్రోగ్రాము రాయడానికీ మధ్య దూరం ఎంత తక్కువో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పుడు ప్రపంచమంతా వాడే డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతి, 1980ల చివర జర్మన్ కంపెనీ లెంజ్ రూపొందించినదాని మీద ఆధారపడింది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దాన్ని ప్రమాణంగా స్వీకరించడంతో ఒక కంపెనీ ఇంజన్ ఇంకో కంపెనీ కంట్రోలరుతో నడవడం సాధ్యమైంది. పట్టాలో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, దాని దిశ మాత్రం అదే పనిగా మారుతూ ఉంటుంది. దిశ 58 మైక్రోసెకన్లకు మారితే అది ‘ఒకటి’, 100 లేదా అంతకంటే ఎక్కువ మైక్రోసెకన్లు తీసుకుంటే ‘సున్నా’. ప్రతి ఇంజన్‌లో ఈ ఆజ్ఞలను చదివే డీకోడరు తన నంబరు వచ్చినప్పుడే వింటుంది. కరెంటూ ఆజ్ఞా ఒకే తీగలో.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. ఒక ఆజ్ఞ పొడవు 42 నుంచి 60 బిట్ల దాకా ఉంటుంది, పట్టాలోకి వెళ్లడానికి 6 నుంచి 9 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు నూరు, నూటయాభైకి మించి ఆజ్ఞలు వెళ్లవు. చక్రం దుమ్ము మీద పడితే ఆజ్ఞ చేరకపోవచ్చు, అందుకే కమాండ్ స్టేషన్ ప్రతి ఇంజన్‌కూ పాత ఆజ్ఞనే మళ్లీ మళ్లీ పంపుతుంటుంది. యాభై ఇంజన్లుంటే ఒక్కోదానికి సెకనుకు రెండు మూడు సార్లే వంతు. ఇదే దారిలో పాయింట్లకు, సిగ్నళ్లకు, ఇళ్లలో దీపాలకు కూడా ఆజ్ఞలు పంపితే ఆపమన్న మాట రైలుకు ఆలస్యంగా చేరుతుంది. పెద్ద లేఅవుట్‌లో పట్టాను రైళ్లకే వదిలేసి, పాయింట్లకూ సెన్సర్లకూ విడిగా డేటా తీగ వేయడం మేలు. అది క్యాన్ బస్ కావచ్చు, లోకోనెట్ కావచ్చు.

ఉందా, లేదా

ఇప్పుడు అసలు విషయం. పట్టాను బ్లాకులుగా విడదీసి, ఏ బ్లాకులో రైలుందో సాఫ్ట్‌వేరుకు చెప్పాలి. ఎక్కువమంది వాడేది కరెంటు ఆధారిత పద్ధతి. బ్లాకులోకి వెళ్లే తీగలో కరెంటు ప్రవహిస్తోందంటే అక్కడ ఏదో ఉంది. ఇంజన్‌కు మోటారు ఉంది కాబట్టి దొరికిపోతుంది. పెట్టెలు కరెంటు తీసుకోవు, అందుకే వాటి ఇరుసుకు 10 కిలోఓమ్‌ల చిన్న రెసిస్టరు అతికిస్తారు. 15 వోల్టుల దగ్గర అది 1.5 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, మంచి డిటెక్టరుకు అది చాలు. రైలులో చివరి పెట్టెకైనా ఇది తప్పనిసరి. లేకపోతే ఇంజన్ బ్లాకు దాటగానే ‘ఖాళీ’ అని చూపించి, వెనకున్న పెట్టెల మీదికి ఇంకో రైలును పంపేస్తుంది.

అలాగని ప్రతి పెట్టెకూ రెండేసి రెసిస్టర్లు పెట్టుకుంటూ పోతే ఇంకో చిక్కు వస్తుంది. 500 పెట్టెలకు వెయ్యి రెసిస్టర్లు, అంటే ఒక్కటి కూడా కదలకుండానే 1.5 ఆంపియర్లు. ఒక చిన్న బూస్టరు శక్తిలో పెద్ద వాటాయే అది. ప్రతి పెట్టెకూ ఒకటి, రైలు చివరన రెండు ఇరుసులకూ పెట్టడం సరైన మధ్యేమార్గం.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అసలు రైల్వేల్లో 1872లో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో పట్టా గుండా ప్రవహించే కరెంటు ఒక రిలేను పట్టి ఉంచుతుంది. రైలు వస్తే చక్రాలు కరెంటును అడ్డదారి పట్టిస్తాయి, రిలే పడిపోతుంది, సిగ్నలు ఎరుపవుతుంది. తీగ తెగినా, పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా రిలే పడిపోతుంది, సిగ్నలు ఎరుపే అవుతుంది. చెడిపోయినప్పుడు ‘రైలుంది’ అని అబద్ధం చెప్పడం క్షేమకరం. మోడల్ రైల్వే డిటెక్టరు దీనికి సరిగ్గా తలకిందులు. కరెంటు ప్రవహిస్తేనే ‘ఉంది’ అంటుంది. తీగ తెగితే, సోల్డరు ఊడితే, రైలు అక్కడే నిలబడి ఉన్నా ‘ఖాళీ’ అని చూపిస్తుంది.

దీన్ని సరిచేయాల్సింది సాఫ్ట్‌వేరే. సెన్సరు చెప్పిన మాటను ఉన్నదున్నట్టు నమ్మకుండా, రైలు గురించి తన సొంత లెక్క ఒకటి ఉంచుకోవాలి. ఫలానా రైలు మూడో బ్లాకులోకి వచ్చింది, నాలుగో బ్లాకులో ఇంకా కనపడలేదు, కాబట్టి మూడోది ఖాళీ అని సెన్సరు చెప్పినా అది ఖాళీ కాదు. నాలుగోది నిండి, మూడోది కొంతసేపు స్థిరంగా ఖాళీ చూపించాకే దాన్ని వదలాలి. ‘నిండింది’ అన్న కబురును తక్షణం నమ్మాలి, ‘ఖాళీ అయింది’ అన్న కబురును ఒకటి రెండు సెకన్లు ఆగి నమ్మాలి. మురికి చక్రం మీద కరెంటు తెగుతూ కలుస్తూ ఉంటుంది కాబట్టి ఈ ఆలస్యం అవసరం కూడా. ఈ ఒక్క నియమాన్ని సరిగ్గా పెట్టుకున్న లేఅవుట్‌లో ఢీకొనే ఘటనలు చాలావరకు తగ్గిపోతాయి. ఖరీదైన పరికరాలకంటే దీని విలువ ఎక్కువ.

పాయింట్ల దగ్గరా ఇదే కథ. పాయింటును మార్చమని సర్వో మోటారుకు ఆజ్ఞ వెళ్లింది. పాయింటులో కదిలే పట్టా ముక్క అయిన బ్లేడుకూ, పక్కనున్న పట్టాకూ మధ్య ఒక చిన్న రాతిముక్క ఇరుక్కుంటే సర్వో తన పని పూర్తయిందనే అనుకుంటుంది, బ్లేడు మాత్రం సగంలో ఆగుతుంది. బ్లేడుకు ఒక మైక్రోస్విచ్ తగిలించి, అది అటు వైపు చేరిందని చెప్పాకే రైలును కదిలించాలి. రెండు మూడు వందల పాయింట్లకు ఇది పెట్టడమంటే ఎంతో తీగ, ఎంతో ఓపిక. కనీసం మెయిన్ లైనులోనూ, దాగిన యార్డు ద్వారాల దగ్గరా పెట్టక తప్పదు.

ఖాళీ పట్టాలుండగానే చిక్కుముడి

రైళ్లు ఢీకొనకుండా చూడటం ఒక ఎత్తైతే, అన్నీ కలిసి ఒకదాని దారికి మరొకటి అడ్డుపడి శాశ్వతంగా ఆగిపోకుండా చూడటం ఇంకో ఎత్తు. ఒక సింగిల్ లైను తీసుకుందాం. ఒక చివర ‘అ’ స్టేషను, మధ్యలో ‘ఆ’, రెండో చివర ‘ఇ’. ప్రతి స్టేషనులో రెండేసి పట్టాలు. ‘అ’ నుంచి ‘ఇ’కి పోవాల్సినవి రెండు రైళ్లు, ‘ఇ’ నుంచి ‘అ’కి రావాల్సినవి రెండు. మొత్తం ఆరు పట్టాల్లో నాలుగే రైళ్లు, రెండు ఖాళీ. చిక్కే ఉండకూడదు అనిపిస్తుంది.

‘అ’ నుంచి మొదటి రైలు బయలుదేరి ‘ఆ’ చేరింది. వెనకే లైను ఖాళీ ఉంది కాబట్టి రెండో రైలునూ సాఫ్ట్‌వేరు పంపేసింది. ఇప్పుడు ‘ఆ’లో రెండు పట్టాలూ నిండాయి, ‘ఇ’లోనూ రెండూ నిండి ఉన్నాయి. ‘ఆ’లో రైళ్లు ముందుకు పోవాలంటే ‘ఇ’లో చోటు కావాలి, ‘ఇ’లోవి కదలాలంటే ‘ఆ’లో చోటు కావాలి. ‘అ’ స్టేషను మొత్తం ఖాళీగా ఉంది, ఎవరికీ పనికిరాదు. ఒక్క రైలును మనిషి వెనక్కి నడిపితే తప్ప ఎక్కడి రైళ్లు అక్కడే. విచిత్రమేమంటే, ఈ మొత్తంలో సాఫ్ట్‌వేరు ఒక్క తప్పు అడుగూ వేయలేదు. ప్రతిసారీ ముందున్న బ్లాకు ఖాళీయా అని చూసింది, ఖాళీ అయితేనే పంపింది.

రెండో రైలును ‘అ’లోనే ఆపి ఉంటే ‘ఇ’ నుంచి ఒక రైలు ‘ఆ’కి వచ్చేది, ‘ఆ’లోని మొదటి రైలు ‘ఇ’లో ఖాళీ అయిన పట్టాకు వెళ్లేది, తర్వాత ఎదురొచ్చిన రైలు ‘అ’ చేరేది. అంటే ముందున్న ఒక్క బ్లాకును చూస్తే చాలదు. ఒక రైలును కదిలించేముందు, అది కదిలాక మిగతావాటికి దారి మిగులుతుందా అన్నది లెక్కించాలి. కంప్యూటరు శాస్త్రంలో డెడ్‌లాక్ అనే ఈ సమస్యకు 1960ల మధ్యలో కంప్యూటరు శాస్త్రవేత్త డైక్‌స్ట్రా సూచించిన పరిష్కారం కూడా ఇదే తరహాది. ఏదైనా ఒకటి కేటాయించేముందు, ఆ తర్వాత కూడా అందరూ ముగింపుకు చేరే క్రమం ఒకటైనా ఉందా అని చూస్తుంది. వాడుకలో ఇంత లెక్క అక్కర్లేకుండా, రెండు సులువైన నియమాలు పెడతారు. ఎదురెదురుగా వచ్చే మార్గాల్లోని మధ్య స్టేషనులో ఒక దిశకు ఒకటికి మించి పట్టా ఇవ్వకూడదు. సింగిల్ లైను మొత్తాన్ని, చివర ఆగే పట్టాతో సహా, బయలుదేరకముందే ఒకే మూటగా రిజర్వు చేయాలి. వీటివల్ల కొన్నిసార్లు రైలు అనవసరంగా ఆగినా ఫర్వాలేదు. ఎక్కువ రైళ్లు పెట్టాలన్న ఆశ ఈ నియమాలను సడలించడానికి దారితీసినప్పుడే చిక్కుముళ్లు మొదలవుతాయి.

అనుకున్నచోట ఆగడం

ప్లాట్‌ఫారం మీద రైలు ఆగాలి. బ్లాకులో ఒకే సెన్సరు ఉంటే, రైలు ఎప్పుడు లోపలికి వచ్చిందన్నది మాత్రమే తెలుస్తుంది. అక్కణ్నుంచి వేగాన్ని బట్టి ఎంత దూరం వచ్చిందో లెక్కించి, మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. ఇందుకు ప్రతి ఇంజన్ వేగాన్నీ ముందే కొలిచి పెట్టుకోవాలి. కొలిచిన దూరం మీద ఇంజన్‌ను ఒక్కో వేగ మెట్టులో, అటూ ఇటూ నడిపి, ఏ మెట్టుకు సెకనుకు ఎన్ని సెంటీమీటర్లో పట్టిక తయారు చేస్తారు. సాఫ్ట్‌వేరు ఈ పని తనంతట తానే చేస్తుంది, ఇంజన్ ఒక్కొక్కటే ముందుకూ వెనక్కూ తిరుగుతుంది.

ఇక్కడ చిన్న వివరాలే ఫలితాన్ని తేలుస్తాయి. చల్లగా ఉన్న మోటారు కాసేపు నడిచాక వేడెక్కి, లోపలి నూనె పలచబడి, అదే ఆజ్ఞకు కాస్త వేగంగా పోతుంది. కాబట్టి పది పదిహేను నిమిషాలు తిప్పాకే కొలవాలి. రెండు శాతం తేడా ఉన్నా రెండు మీటర్ల బ్లాకులో నాలుగు సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. సెన్సరు కబురు పదోవంతు సెకను ఆలస్యమైతే, సెకనుకు 32 సెంటీమీటర్ల వేగం దగ్గర మరో మూడు సెంటీమీటర్లు. రెండూ కలిస్తే సిగ్నలు దాటి ఇంజన్ ముక్కు పాయింటు మీదికి చేరుతుంది. డీకోడర్లలో చాలావాటికి, మోటారుకు కరెంటు ఆపిన క్షణంలో అది తిరిగి పుట్టించే వోల్టేజిని చూసి వేగం సరిచేసుకునే శక్తి ఉంటుంది. ఎక్కుడులోనూ దిగుడులోనూ వేగం మారకుండా ఉండటానికి అది ఎంతో సాయం చేస్తుంది. అయినా దాగిన యార్డులో, సెంటీమీటరు కూడా వృథా చేయలేనిచోట, పట్టా చివర్లో రెండో సెన్సరు పెట్టడమే ఉత్తమం. లెక్కమీద ఆపడం తీగ ఖర్చు తగ్గిస్తుంది, సెన్సరు మీద ఆపడం నిద్ర పట్టనిస్తుంది.

ఈ లెక్కలన్నీ చేసే సాఫ్ట్‌వేర్లలో జర్మనీలో పుట్టిన ట్రెయిన్‌కంట్రోలరు, ఉచితంగా దొరికే జేఎంఆర్‌ఐ బాగా పేరున్నవి. జేఎంఆర్‌ఐకి సాఫ్ట్‌వేరు చరిత్రలోనే ఒక స్థానం ఉంది. దాన్ని మొదలుపెట్టిన భౌతిక శాస్త్రవేత్త బాబ్ జాకబ్‌సన్ వేసిన కేసులో 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఓపెన్ సోర్స్ లైసెన్సు షరతులను మీరడం కాపీరైట్ ఉల్లంఘన కాగలదని తేల్చింది. ఇంజన్ల డీకోడర్లను అమర్చుకునే పట్టికల మీద తగాదా, ప్రపంచంలోని ఉచిత సాఫ్ట్‌వేరుకంతటికీ రక్షణగా మారింది.

నడవడం మొదలయ్యాక

అన్నీ ఒకేసారి ఆటోమేట్ చేయాలనుకోవడం పెద్ద లేఅవుట్లు మధ్యలో ఆగిపోవడానికి ముఖ్య కారణం. ముందు దాగిన యార్డు నుంచి మొదలుపెట్టడం మంచిది. పైన ఇంకా దృశ్యం కట్టలేదు కాబట్టి పట్టా పూర్తిగా అందుబాటులో ఉంటుంది, తప్పు జరిగినా పాడయ్యేదేమీ లేదు. ఆ యార్డులోకి అన్నిటికంటే పొడవైన రైలును వెనక్కి నెట్టి, అన్ని పాయింట్లూ దాటించి, ఒక్క పెట్టె కూడా పడకపోతేనే పైన దృశ్యం కట్టడం మొదలుపెట్టాలి.

పట్టా శుభ్రతను ఎంతైనా పట్టించుకోవచ్చు. చక్రానికీ పట్టాకూ మధ్య కంటికి కనపడని మెరుపులు ఆక్సైడును, మసిని పేరుస్తాయి. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి, మసి ఇంకా తొందరగా చేరుతుంది. గుడ్డ చుట్టిన శుభ్రపరిచే పెట్టెను రోజూ ఒక రైలు వెనక తిప్పడం మంచిది, దీన్నీ టైంటేబులులో ఒక రైలుగా చేర్చాలి.

సాఫ్ట్‌వేరు రాసే లాగ్‌ను చదవడం అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు. ఏ బ్లాకులో రైలు ఆలస్యమైంది, ఏ పాయింటు రెండోసారి ఆజ్ఞ ఇస్తేనే మారింది, ఏ సెన్సరు మిణుకుమిణుకుమంది అన్నవన్నీ అందులో ఉంటాయి. నెల రోజుల లాగ్‌ను పాయింటు నంబరు వారీగా లెక్కేస్తే ఘటనలు సమానంగా పంచుకుని ఉండవు. ఏ నాలుగైదు పాయింట్ల దగ్గరో, ఏ రెండు మూడు ఇంజన్ల దగ్గరో గుంపుగా కనిపిస్తాయి. ఆ పాయింటు ఫ్రాగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) దగ్గర గేజి కొలిచి చూస్తే ఎక్కడో అర మిల్లీమీటరు తేడా ఉంటుంది. ఆ ఇంజన్ చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాల్సింది తగ్గి ఉంటుంది. చక్రాలు సరిచేశాక ఆ ఇంజన్‌ను మళ్లీ కొలత పట్టా మీదికి పంపి వేగ పట్టిక కొత్తగా తీయాలి, అప్పుడే దాన్ని టైంటేబులులోకి తిరిగి చేర్చాలి.